కల్లం, కొలత, కంచం: దక్షిణ తెలంగాణ సాహిత్యంలో తిండిగింజ – ఒక పరిశీలన

ప్రవేశిక

"కరువుకు దాసర్లయితే పదాలెక్కడ నుండి వస్తాయి?" అని తెలుగులో ఒక సామెత ఉంది. పొట్ట గడవక దాసరి వేషం వేసుకున్నవాడికి పాట రాదని దీని సామాన్యార్థం. సాహిత్య విమర్శకు సంబంధించి ఈ సామెతలో ఇంకొక ప్రశ్న కూడా దాగి ఉంది. ఆకలి తనంతట తాను సాహిత్యాన్ని పుట్టిస్తుందా? ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు పుట్టిస్తుందనే ధోరణి ఎక్కువగా కనిపిస్తుంది. వానలు లేవు, పంటలు లేవు, కాబట్టి ఆకలి ఉంది, ఆకలి ఉంది కాబట్టి ఈ పాటలూ కథలూ పుట్టాయి అని వరుస పేర్చి, వాటన్నిటికీ 'కరువు సాహిత్యం' అని ఒక్క పేరు పెట్టడం తరగతి గదుల్లోనూ సదస్సుల్లోనూ పరిపాటి అయింది.

ఈ పేరు పూర్తిగా తప్పు కాదు. అయితే అది రచనలు చెప్పే ముఖ్యమైన సంగతిని మరుగుపరుస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దక్షిణ తెలంగాణ రచనలను, పాటలను, సామెతలను దగ్గరగా చదివితే వాటిలో వానకంటె ఎక్కువగా కొలత వినిపిస్తుంది. గింజ ఎంత పండిందన్న ప్రశ్నకంటె దాన్ని ఎవరు కొలిచారు, ఏ పాత్రతో కొలిచారు, కొలిచిన తరువాత ఎవరి ఇంటికి చేరింది అన్న ప్రశ్నలు వాటిలో బలంగా ఉన్నాయి. ప్రపంచ జనాభా 2022లో 800 కోట్లకు చేరింది. పెరిగే జనానికి తిండి చాలుతుందా అని అంతర్జాతీయ సంస్థలు లెక్కలు వేస్తున్నాయి. 2023లో సుమారు 73 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. ఈ చర్చలో సాధారణంగా వినిపించే పరిష్కారం దిగుబడి పెంచడం. దిగుబడికీ కంచానికీ నడుమ ఏం జరుగుతుందో తెలిసిన ప్రజలు తమ అనుభవాన్ని పాటగా, కథగా, సామెతగా దాచుకున్నారు. దాన్ని సరిగ్గా చదవడం తెలుగు సాహిత్య పరిశోధకుల పని.

పరిధి, పద్ధతి

పరిశీలనకు తీసుకున్న ప్రాంతం 2016 అక్టోబరు 11కు పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు. నేటి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు మొదటిదాని నుండి, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలు ప్రధానంగా రెండవదాని నుండి ఏర్పడ్డాయి. సాయుధ పోరాట కాలంలో నల్లగొండ జిల్లాలో భాగంగా ఉన్న జనగామ తాలూకాను కూడా చర్చలో చేర్చాను. ఎర్ర చెల్క నేలలు, నమ్మకం లేని వానలు, చెరువుల మీద ఆధారపడిన సేద్యం ఈ మెట్ట ప్రాంతపు సామాన్య లక్షణాలు.

రచనను చదివేటప్పుడు మూడు చోట్లను వేరుచేసి చూడటం ఇక్కడ అనుసరించిన పద్ధతి. గింజ రాలే చోటు కల్లం. గింజ చేతులు మారే చోటు కొలత. గింజ అన్నమయ్యే చోటు కంచం. ఒక రచన ఈ మూడింటిలో దేని దగ్గర నిలబడి మాట్లాడుతున్నదో గమనిస్తే అది ఆకలిని ఎలా అర్థం చేసుకున్నదో తెలుస్తుంది. 'కరువు' అనే మాట మనల్ని కల్లం దగ్గరే, అదీ ఖాళీ కల్లం దగ్గరే నిలబెడుతుంది. మిగిలిన రెండు చోట్లకు చూపు పోనివ్వదు.

సన్నన్నం లేని సీమ: ఎవరి నాలుక, ఎవరి కంచం

తిండిని సాహిత్య చరిత్రలో గౌరవనీయమైన అంశంగా నిలబెట్టినవాడు పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. అలంపురం ప్రాంతపు ఇటికాలపాడు ఆయన స్వగ్రామం. 1949లో వెలువడి, 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనుల తిండి, బట్ట, ఆట, నమ్మకాలను ముందుకు తెచ్చింది. అందుకు ఆయన ఎన్నుకున్న ఆధారం ప్రధానంగా కావ్యమే. 'హంసవింశతి', 'శుకసప్తతి' వంటి రచనలను కవిత్వ తూకంతోనే కాక సమాచార భాండారాలుగా చదివిన దృష్టి ఆయనది.

ఆ చరిత్రలో చర్చకు వచ్చే రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. మొదటిది శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు. రాజాస్థానాలలో తిరిగిన కవికి కృష్ణ దక్షిణ తీరపు మెట్టసీమలో జొన్నతో చేసిన వంటకాలు తప్ప మరేమీ కనిపించలేదు. సన్నబియ్యపు అన్నం ఆ ప్రజలకు లేదని ఆ చాటువు ఎగతాళి చేస్తుంది. రెండవది కృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'లోని వర్షర్తు వర్ణన. అక్కడ రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి వంటి ఆకులను లేత చింతచిగురుతో కలిపి నూనెలో వండుకొని ఆరికల అన్నంతో తింటారు. ఆ వర్ణనలో లేమి పేరు లేదు. కడుపునిండా తిన్న సేద్యగాడి సుఖం ఉంది.

రెండు చోట్లా కంచంలో ఉన్నది మెట్టధాన్యమే. ఒకచోట అది కొరతకు గుర్తు, మరొకచోట తృప్తికి గుర్తు. ఈ తేడా పంట వల్ల వచ్చింది కాదు. చూసేవాడు అతిథిగా వచ్చాడా, తినేవాడి పక్కన కూర్చున్నాడా అన్నదాన్ని బట్టి వచ్చింది. జొన్నగటక తినే ఊరిని 'తిండిలేని ఊరు'గా లెక్కగట్టే చూపు ఆధునిక గణాంకాలతో మొదలు కాలేదని, దానికి సాహిత్యంలోనే పాత వేర్లు ఉన్నాయని ఈ పోలిక తెలుపుతుంది. 'సన్న', 'దొడ్డు' అనే రెండు చిన్న విశేషణాలు తెలుగు సమాజంలో గింజ పరిమాణాన్ని చెప్పి ఊరుకోవు, తినేవాడి అంతస్తును కూడా చెబుతాయి.

ఇక్కడ సురవరం పద్ధతికి ఉన్న హద్దును కూడా గుర్తించాలి. కావ్యం గింజల పేర్లు చెబుతుంది, వంటకాల పేర్లు చెబుతుంది. ప్రబంధ కవికి పట్టిక వేయడం ఒక వేడుక. కాని ఆ గింజను పండించినవాడికి అందులో ఎంత మిగిలిందో పట్టిక చెప్పదు. కంచం నిండుగా కనిపిస్తుంది, కొలత కనిపించదు. కొలతను వినాలంటే కావ్యం నుండి పాటకు రావాలి.

కుంచంలో తాలు: సుద్దాల హనుమంతు పాట

నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామానికి చెందిన సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాటపు ప్రజాకవి. గొల్లసుద్దులు, బుర్రకథ వంటి జానపద కళారూపాలను పోరాట ప్రచారానికి మలచినవాడు. 'పల్లెటూరి పిల్లగాడా' అనే ఆయన పాట 1979లో వచ్చిన 'మా భూమి' చలనచిత్రం ద్వారా తెలుగునాట అంతటా వినిపించింది. పసులు కాసే జీతగాడైన బాలుడి మీద జాలి పుట్టించే పాటగా దాన్ని సాధారణంగా గుర్తుంచుకుంటారు. జాలి అందులో ఉన్నమాట నిజమే. అయితే ఆ జాలి ఆధారపడిన వాస్తవం ఏమిటో చూడాలి.

ఆ పాటలో బాలుడు పనిచేసేది ఊళ్లో గింజలు లేనందుకు కాదు. గింజల కోసమే పనిచేస్తున్నాడు. గింజలు దొర ఇంట్లో ఉన్నాయి. పిల్లవాడికి రావలసిన కూలి కుంచాల లెక్కన నిర్ణయమై ఉంది. ఇచ్చిన గింజల్లో తాలు కలిసింది. తీరా ఇంటికి తెచ్చి కొలుచుకుంటే సేరు తక్కువ వచ్చింది. ఆ పిల్లవాడి దుఃఖాన్ని పాట ఈ తరుగు దగ్గరకు తెచ్చి నిలుపుతుంది. ఇంత స్పష్టంగా ఆకలిని కొలతలోకి కుదించిన పాట ఆ కాలపు సాహిత్యంలో అరుదు. వానదేవుడి మీద గాని, కాలం మీద గాని, కర్మ మీద గాని నింద లేదు. ఉన్నది ఒక కుంచం, అందులో తాలు, ఒక సేరు తరుగు.

ఈ సందర్భంలో జీతగాడికి ఇచ్చే గింజలను 'గాసం' అంటారు. ఇది 'గ్రాసం' అన్న సంస్కృత పదానికి వాడుక రూపం. గ్రాసానికి ముద్ద, తిండి అని అర్థం. మనం 'పశుగ్రాసం' అన్నప్పుడు అదే మాట మేత అవుతుంది. పసులు కాసేవాడి కూలికీ పసుల మేతకూ ఒకే మాట ఉండటం భాషలో యాదృచ్ఛికం కావచ్చు. పాట మాత్రం ఆ రెండింటినీ ఒకే దొడ్డిలో చూపించి, ఆ మాటలోని అవమానాన్ని వినేవాడికి తెలియజేస్తుంది.

నిర్మాణంలోనూ ఒక విశేషం ఉంది. పాట అంతా ప్రశ్నల వరుస. ఎవరో పెద్దమనిషి బాలుణ్ని ఆప్యాయంగా పిలిచి, ఒక్కొక్కటిగా అడుగుతూ పోతాడు. బాలుడు జవాబు చెప్పడు. కొన్ని చరణాలు గడిచేసరికి ప్రశ్నలే సాక్ష్యాలుగా మారతాయి. అడిగేవాడికి జవాబులు ముందే తెలుసు, వింటున్న ఊరికీ తెలుసు. ఎవరూ పైకి అడగనిది అడగడమే ఇక్కడ జరిగిన పని. దొర కొలతను ఊరి ముందు మళ్లీ కొలిచే పని పాట చేసింది. సామెత అడిగిన ప్రశ్నకు ఇది ఒక జవాబు. హనుమంతు కరువుకు దాసరి అయినవాడు కాడు. కొలతను పట్టుకున్న కన్ను, ప్రశ్నను చరణంగా మలచిన నేర్పు ఆయనకు ఉన్నాయి. ఆకలి అందరికీ ఉంది, పాట కట్టినవాడు ఆయన.

కల్లం మీద హక్కు: నాగు, లెవీ, మేర

హనుమంతు పాటలోని సేరు తరుగు ఒక దొర వ్యక్తిగత దుర్మార్గం మాత్రమే కాదని ఆ ప్రాంతపు చరిత్ర చెబుతుంది. విత్తనానికో తిండికో రైతు గింజలు అప్పు తెచ్చుకుంటే పంట రాగానే తరచు సగం వరకూ అదనంగా కలిపి తిరిగి కొలవాలి. దీనికి 'నాగు' అని పేరు. పంట బాగా పండిన ఏడు కూడా కల్లం మీదనే గింజ చేతులు మారేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం ధాన్యాన్ని నిర్బంధంగా సేకరించిన 'లెవీ' దీనికి తోడైంది. లెక్కలు రాసే అధికారం దేశ్‌ముఖుల, పట్వారీల చేతుల్లో ఉన్నందున భారం చిన్నరైతు మీద పడింది. 1940లలో ఆంధ్రమహాసభ కార్యకర్తలు వెట్టితో పాటు లెవీని కూడా ఎదిరించడానికి ఇది కారణం.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పోరాటాన్ని ఈ వెలుగులో మళ్లీ చదవవచ్చు. విసునూరు దేశ్‌ముఖ్‌తో ఆమె తగాదాను భూమి తగాదాగా చరిత్ర గ్రంథాలు నమోదు చేశాయి. అది సరైనదే. అయితే ఘర్షణ పతాకస్థాయికి చేరింది పండిన పంట ఎవరి ఇంటికి చేరాలన్న చోట. దేశ్‌ముఖ్ మనుషులు పంటను తీసుకుపోవడానికి వచ్చారు. సంఘం కార్యకర్తలు కోసి, కొట్టి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. తెలంగాణ చరిత్రను మలుపు తిప్పిన ఘటనల్లో ఒకటి నిండు కల్లం మీద జరిగింది. దీన్ని కరువు కథ అనడానికి వీలు లేదు.

ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన 'పావర్టీ అండ్ ఫామిన్స్' గ్రంథంలో 1943 నాటి బెంగాల్ కరువును విశ్లేషిస్తూ, తిండి లేకపోవడం వేరు, ఉన్న తిండి మీద మనిషికి హక్కు లేకపోవడం వేరు అని నిరూపించాడు. ఆయన సిద్ధాంతాన్ని తెచ్చి మన పాటలకు తొడగాలన్నది ఇక్కడి ఉద్దేశం కాదు. ఆ గ్రంథానికి మూడు దశాబ్దాల ముందే నల్లగొండ పాట ఈ తేడాను కుంచం భాషలో చెప్పిందని గుర్తుచేయడమే ఉద్దేశం.

హక్కు అన్న ఈ దృష్టితో చూస్తే పాలమూరు కవి గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటకు కూడా కొత్త అర్థం వస్తుంది. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిస, సాలె మగ్గం ఒక్కొక్కటే మూలబడటాన్ని ఆ పాట వరుసగా చెబుతుంది. ప్రపంచీకరణ చేతివృత్తులను ధ్వంసం చేసిన తీరుకు నిదర్శనంగా విమర్శకులు దీన్ని చర్చించారు. మరొక కోణం కూడా ఉంది. పాత ఊరిలో కమ్మరికీ వడ్రంగికీ కుమ్మరికీ రైతు కల్లం మీద 'మేర' ఉండేది. ఏడాది పొడవునా చేసిన పనికి పంటలో వాటా కొలిచి ఇచ్చేవారు. కోత అయిన పొలంలో రాలిన వెన్నులను ఏరుకొనే 'పరిగె' పేదలకు దక్కేది. కొలిమి చల్లారితే పని పోవడంతో పాటు కల్లం మీది వాటా కూడా పోతుంది. ఆ పాటలోని వృత్తుల జాబితా, మరొక విధంగా చూస్తే, తిండిగింజల మీద హక్కు కోల్పోయిన ఇళ్ల జాబితా.

అయితే మేరను న్యాయమైన ఏర్పాటుగా పొగడటం పొరపాటు. అది కులం నిర్ణయించిన వాటా. దానితోపాటు వెట్టి కూడా ఉంది. మేర కోసం కల్లం అంచున నిలబడ్డవాడు అడిగి తీసుకోవలసిందే తప్ప కొలిచి తీసుకొనే వీలు లేదు. "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఒకటే" అన్న సామెత కడపంక్తిలో కూర్చున్నవాడి అనుభవం నుండే వచ్చి ఉంటుంది. పాత ఊరి విధ్వంసాన్ని పాడిన పాటను పాత ఊరి కీర్తనగా చదవకుండా ఉండటం విమర్శకు అవసరమైన జాగ్రత్త.

గంప ఎత్తిన ఊరు

నల్లగొండ పాట కొలత దగ్గర నిలబడితే, పాలమూరు మాట దారిలో నిలబడుతుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని రైతు సామెత. ఉత్తర కార్తె నాటికీ వాన కుదరకపోతే గంప ఎత్తుకొని ఊరు విడవమని దాని హెచ్చరిక. పాలమూరు వలసను గురించి రాసేవారు ఈ సామెతను కరువుకు సాక్ష్యంగా ఉదాహరిస్తారు. జాగ్రత్తగా వింటే ఇందులో వాన సగమే. రెండవ సగం గంప. వాన లేకపోతే ఊరు విడవవలసినవాడు ఎవడు? గుమ్మిలో, పాతరలో నిరుటి గింజలు ఉన్నవాడికి ఉత్తర కార్తె ఒక ఆందోళన మాత్రమే. అవి లేనివాడికి అది ప్రయాణ ముహూర్తం. ఒకే వాన లేమి రెండు ఇళ్లలో రెండు విధాలుగా దిగుతుంది.

'పాలమూరు లేబరు' అన్న మాట దేశంలోని ఆనకట్టల చరిత్రలో భాగమైంది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని, గుంపుగా కదిలి, దూరప్రాంతాల్లో కాలువలు తవ్విన మనుషులు వీరు. కృష్ణానది తెలంగాణలోకి అడుగుపెట్టేది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని తంగిడి దగ్గరే. నది గుమ్మంలో ఉన్న జిల్లా ప్రజలు ఇతరుల పొలాలకు నీరు పారించే కాలువలు తవ్వడానికి ఊరు విడిచారన్న వైరుధ్యం ఈ ప్రాంతపు కవిత్వంలో మళ్లీ మళ్లీ పలుకుతుంది. 'కరువు సాహిత్యం' అన్న పేరు ఈ వైరుధ్యాన్ని మొద్దుబారుస్తుంది. కరువు ప్రకృతిది అయితే ఎవరినీ అడగవలసినది ఉండదు. అడ్వాన్సు కూడా ఒక రకమైన నాగే. తేడా ఏమిటంటే ఇక్కడ తిరిగి కొలవవలసినది గింజ కాదు, రాబోయే నెలల శ్రమ.

వలస పోయిన ఇంటి మాట ఇలా ఉంటే, ఊళ్లో నిలిచిన ఇంటి లోపలి మాట వేరొక రచయిత్రి ద్వారా వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లా బిజినేపల్లిలో 1929లో జన్మించిన పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' (1973), 'ఎచ్చమ్మ కథలు' (1999) సంపుటాలలో పాలమూరు స్త్రీల నుడికారాన్ని కథనభాషగా నిలిపారు. ఆ నుడికారాన్ని మాండలిక సౌందర్యంగా మెచ్చుకోవడం దగ్గరే మన చర్చ ఆగుతున్నది. ఇంటి భాష ఇంటి ఆర్థిక వ్యవస్థ కూడా. సోల, తవ్వ, మానిక, కుంచం, గుమ్మి, పాతర వంటి మాటలు వాడుకలో ఉన్న ఇంట్లో గింజ మీద ఆ ఇంటి ఆడమనిషికి కొంత అజమాయిషీ ఉన్నట్టు లెక్క. గుమ్మిలో చేయిపెట్టి ఇంకెన్నాళ్లకు వస్తాయో అంచనా వేసేది ఆమె. గింజ ఇంట్లో నిలవ ఉండటం మానేసి నెలకొకసారి కిలోల్లో వచ్చే సరుకైనప్పుడు ఆ మాటలు పోతాయి, వాటితో పాటు ఆ అంచనా కూడా పోతుంది.

జొన్న మీద రెండు అతిశయోక్తులు

గత కొన్నేళ్లుగా సాహిత్యంలోనూ బయటా జొన్న, కొర్ర, సజ్జ, తైదల మీద మక్కువ పెరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. గటక, అంబలి, రొట్టె తిన్న కాలాన్ని బలమైన కాలంగా తలచుకొనే వ్యాసాలు, కవితలు విరివిగా వస్తున్నాయి. శ్రీనాథుని ఎగతాళికి ఇది ఎదురుపాట. ఎగతాళి ఎంత ఏకపక్షమో ఈ ఎదురుపాట కూడా కొన్నిసార్లు అంతే ఏకపక్షం.

1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా జొన్న తినే పేదలలో కనిపించే పెల్లాగ్రా వ్యాధి గురించి పరిశోధన ప్రచురించారు. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే పదార్థానికీ ఈ వ్యాధికీ సంబంధం ఉండవచ్చని వారు ప్రతిపాదించారు. పప్పు, పాలు, ఆకుకూరలు తోడైన జొన్నరొట్టె మంచి తిండి. మూడు పూటలా ఒట్టి గటక తప్ప మరొకటి లేని కంచంలో అదే జొన్న జబ్బుకు తోడయింది. గింజకు గుణదోషాలు ఉన్నాయి, కాని కంచంలో దాని పక్కన ఏముందన్నదే ముఖ్యమైన ప్రశ్న. 'ఆముక్తమాల్యద' రైతు కంచంలో ఆరికలతో పాటు ఆకులు, నూనె ఉన్నాయన్న సంగతి ఇక్కడ మళ్లీ గుర్తుకు రావాలి. హనుమంతు పాటలోని బాలుడి కంచంలో తాలు కలిసిన గింజలే ఉన్నాయి. ఇద్దరిదీ మెట్టతిండే. ఒకరిది భోజనం, మరొకరిది గాసం.

మెట్టపంటలు తగ్గిపోవడాన్ని నాలుక మారడంగా మాత్రమే చూపడం కూడా సరికాదు. ఈ రెండు జిల్లాలు చాలాకాలం ఆముదం సాగుకు పేరుపడ్డాయి. తరువాత పత్తి వచ్చింది. తినని పంటను అమ్మి తినే గింజను కొనుక్కొనే స్థితిలోకి చెల్క రైతు వచ్చాడు. పొలంలో ఏముందన్నదానికంటె బజారులో ధర ఎంతన్నది కంచాన్ని నిర్ణయించడం మొదలైంది. కల్లానికీ కంచానికీ నడుమ కొత్త కొలత చేరింది.

మళ్లీ సన్నబియ్యం

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరిసీమగా మారాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణమైంది. అదే జిల్లాలో కాలువ అందని మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లు ఫ్లోరైడు నీళ్లతో, ఎండిన బోర్లతో మిగిలాయి. ఒకే జిల్లా సాహిత్యంలో రెండు భూగోళాలు ఏర్పడ్డాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం రావడంతో మెట్ట ఊళ్ల కంచంలోకీ వరి అన్నం రోజువారీ తిండిగా ప్రవేశించింది. పండుగనాటి అన్నం ప్రతినాటి అన్నమైంది. ఆ మార్పును 'జొన్న సంస్కృతి పతనం'గా మాత్రమే రాసేవారు, పండుగ కోసం ఏడాదంతా ఎదురుచూసిన ఇంటి సంతోషాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

2025 మార్చి 30న, ఉగాది రోజున, రేషను కార్డు ఉన్నవారికి ఉచితంగా సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం హుజూర్‌నగర్‌లో ప్రారంభించింది. మనిషికి నెలకు 6 కిలోలు. ఈ సంఘటనలో సాహిత్య విద్యార్థికి ఆసక్తి కలిగించేది 'సన్న' అనే మాట. దాదాపు ఆరు శతాబ్దాల కిందట ఒక కవి మెట్టసీమ ప్రజలకు లేదని ఎగతాళి చేసిన సన్నన్నం, ప్రభుత్వ పథకం పేరులోకి ఎక్కింది. అంతకుముందు పంచిన దొడ్డుబియ్యం చాలా ఇళ్లలో పొయ్యి దాకా చేరకుండానే చేతులు మారిన సంగతి తెలిసిందే. కడుపు నింపడం చాలదని, కంచంలో పరువు కూడా ఉండాలని జనం కోరుకుంటారన్నది దీని సారాంశం. ఆ కోరికను చిన్నచూపు చూడటానికి విమర్శకు హక్కు లేదు. అయినా కొలత ప్రశ్న తీరిపోలేదు. 6 కిలోలని నిర్ణయించినది ఎవరు, కార్డు ఎవరికి ఉంది, వలసపోయిన మేస్త్రీ గుంపు గంపలోకి ఆ బియ్యం ఎలా చేరుతుంది అన్నవి హనుమంతు పాటలోని ప్రశ్నల వంటివే.

కొలత చేతులు మారితే ఏమవుతుందో తెలుసుకోవడానికి పొరుగున ఉన్న పాత మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతం వైపు చూడవచ్చు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసిన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలో బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిలవచేసి, ఊళ్లోని పేద ఇళ్లకు తక్కువ ధరకు అందించే పద్ధతిని నడిపాయి. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరి ఆడవాళ్లే కూర్చొని తేల్చారు. ఆ ప్రయోగానికి హద్దులు ఉండవచ్చు. కాని అందులో కల్లం, కొలత, కంచం మూడూ ఒకే చేతుల్లోకి వచ్చాయి. దక్షిణ తెలంగాణ పాటలు దశాబ్దాలుగా అడుగుతున్నది అదే.

ముగింపు

ఈ పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, దక్షిణ తెలంగాణ సాహిత్యంలో ఆకలి చాలాచోట్ల నిండు కల్లం పక్కనే ఉంది. అందువల్ల 'కరువు సాహిత్యం' అన్న వర్గీకరణను ప్రకృతి వైపరీత్యం నేరుగా కథావస్తువైన రచనలకు పరిమితం చేసి, మిగిలిన వాటిని గింజ మీద హక్కు అనే కోణం నుండి తిరిగి చదవడం మంచిది. రెండవది, మెట్టతిండిని ఎగతాళి చేయడం, దాన్ని ఆరాధించడం రెండూ తినేవాడి కంచాన్ని చూడకుండా చేసే పనులే. మూడవది, పాటలు సేకరించేవారూ మాండలిక కోశాలు కూర్చేవారూ కొలత పాత్రల పేర్లను, అవి ఏ ఊళ్లో ఎంత పట్టేవో, ఎవరి చేతిలో ఉండేవో కూడా నమోదు చేయాలి. కుంచం అంటే ఒక కొలత అని అర్థం రాసి వదిలేస్తే హనుమంతు పాటలోని సేరు తరుగు రేపటి పాఠకుడికి అర్థం కాదు.

పెరుగుతున్న జనాభాకు ఆహారం సమకూర్చడం వ్యవసాయ శాస్త్రవేత్తల, పాలకుల పనిగా కనిపిస్తుంది. దిగుబడి వారి చేతిలో ఉన్నమాట నిజం. ఎన్ని పుట్లు పండినా కుంచంలో తాలు ఉన్నంతకాలం ఆకలి ఉంటుందని పసులు కాసిన పిల్లవాడి పక్షాన ఒక పాట చెప్పింది. తెలుగు శాఖలలో మనం ఆ పాటను ఎలా బోధిస్తున్నామన్న దాని మీద, తరువాతి తరం ఆకలిని వాన లెక్కతో చూస్తుందా, కొలత లెక్కతో చూస్తుందా అన్నది కొంతవరకైనా ఆధారపడి ఉంటుంది.